పొద్దున ముహూర్తానికి పెట్టిన ప్లస్ వన్

"పొద్దున ఫొటోలన్నీ మంచిగ వచ్చినయ్ అన్నా, రిసెప్షన్‌లనే ఏమైందో, మొహాలు మొత్తం తెల్లగ కొట్టుకుపోయినయ్." హైదరాబాద్‌లో పెళ్లిళ్లు కవర్ చేసే కుర్రాళ్ల దగ్గర, మూఢం పోయి ముహూర్తాలు మొదలవగానే ఈ మాట వినిపిస్తుంది. కెమెరా అదే, ఫ్లాష్ అదే, తీసిన మనిషీ అతనే. ఫ్లాష్‌లో ఏదో తేడా వచ్చిందని రిపేరుకు కోఠికి పట్టుకెళ్తారు. అక్కడ రెండుసార్లు కొట్టి చూసి, బాగానే ఉంది తీసుకెళ్లమంటారు. వాళ్లు చెప్పేది నిజమే. చెడిపోయిందేమీ లేదు. పొద్దున మార్చిన ఒక అంకె, ఫ్లాష్ వెలుగు పెంచడానికి పెట్టిన ప్లస్ వన్, రాత్రి దాకా అలాగే ఉండిపోయింది, అంతే.

మతిమరుపు అని తేల్చేయడం తేలిక. కానీ ఇదే పొరపాటు ఇంతమంది, ఇన్ని కంపెనీల కెమెరాలతో, ఇన్నేళ్లుగా చేస్తున్నారంటే తప్పంతా మనిషి బుర్రది అనలేం. కెమెరా ఆఫ్ చేయగానే కొన్ని సెట్టింగులను వదిలేస్తుంది, కొన్నింటిని నెలల తరబడి అట్టే పెట్టుకుంటుంది. ఏది ఏ రకమో పైకి చెప్పదు. ఫ్లాష్ దగ్గరికొచ్చేసరికి ఈ తికమక రెట్టింపవుతుంది. ఎందుకంటే అక్కడ పనిచేసేది ఒక యంత్రం కాదు, రెండు. ఒక్కోసారి మూడు.

టీటీఎల్ చేసే లెక్క

ఆ ప్లస్ వన్ అసలు ఎందుకు పెట్టాల్సొచ్చిందో ముందు చూద్దాం. ఫ్లాష్ టీటీఎల్‌లో, అంటే లెన్సులోంచి వచ్చే వెలుగును కొలిచి కెమెరాయే ఫ్లాష్‌ను నిర్ణయించే పద్ధతిలో, ఉన్నప్పుడు బటన్ నొక్కగానే మొదట ఒక చిన్న మెరుపు వస్తుంది. అది ఎదుట ఉన్నవాటికి తగిలి లెన్సులోంచి తిరిగొస్తుంది. ఎంత వెలుగు తిరిగొచ్చిందో కెమెరా కొలుస్తుంది, దాన్నిబట్టి అసలు మెరుపు ఎంతసేపు వెలగాలో లెక్కకడుతుంది, ఆ తర్వాతే షట్టర్ తెరుస్తుంది. అంతా రెప్పపాటులో అయిపోతుంది కాబట్టి మన కంటికి ఒక్క మెరుపే కనిపిస్తుంది.

ఈ లెక్కకు ఆధారం ఒక నమ్మకం: ఎదురుగా ఏమున్నా, మొత్తంమీద అది ఒక మాదిరి బూడిద రంగుకు సమానమని. కొత్త కెమెరాలు దూరాన్నీ మొహాన్నీ కూడా పరిగణిస్తాయి, అయినా ఆ నమ్మకం పూర్తిగా పోలేదు. ఇప్పుడు మధుపర్కాల ఘట్టం ఊహించండి. వధూవరులిద్దరూ ఎర్రంచు తెల్లబట్టల్లో ఉన్నారు. వెనక మల్లెపూల డెకరేషన్, పక్కన తెల్లపంచెలో పంతులుగారు. చిన్న మెరుపు పడగానే బోలెడంత వెలుగు వెనక్కొస్తుంది. వెలుతురు ఎక్కువైందనుకుని కెమెరా అసలు మెరుపును తగ్గించేస్తుంది. ఫొటోలో కొత్తబట్టలు మాసినట్టు కనిపిస్తాయి, మొహాలు నల్లబడతాయి. అనుభవమున్న ఫొటోగ్రాఫర్ ఇది చూసి ఫ్లాష్ కాంపెన్సేషన్‌ను, అంటే కెమెరా లెక్కను చేత్తో పెంచే, తగ్గించే సెట్టింగును, ప్లస్ వన్‌కు జరుపుతాడు. కెమెరా లెక్కగట్టినదానికి రెట్టింపు వెలుగు పంపమని దానర్థం. తెలుపు తెల్లగా వస్తుంది. ఇంతవరకు చేసినదంతా సరైన పనే.

సాయంత్రం రిసెప్షన్. పెళ్లికొడుకు నల్ల సూటులోకి మారాడు. స్టేజీ వెనక ముదురు నీలం తెర, హాల్లో లైట్లు తగ్గించారు. చిన్న మెరుపు సూటులోనూ చీకట్లోనూ ఇంకిపోయి, తిరిగొచ్చేది కొంచెమే. ఈసారి కెమెరా చీకటిగా ఉందనుకుని తనంతట తనే మెరుపు పెంచుతుంది. నిజానికి ఇక్కడ మైనస్ 0.7 దాకా తగ్గించుకోవాలి. తగ్గించకపోగా, పొద్దుటి ప్లస్ వన్ అలాగే ఉంది. ఉండాల్సిన అంకెకూ ఉన్న అంకెకూ 1.7 స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపవుతుంది). అంటే కావలసినదానికి మూడు రెట్లకు పైగా వెలుగు. సూటు కుట్టు కూడా కనిపించేలా చక్కగా వస్తుంది, మొహంలో మాత్రం ఏమీ మిగలదు.

ఈ రెండింటి మధ్య జరిగేదే అసలు చిక్కు. మధ్యాహ్నం భోజనాల దగ్గర రకరకాల రంగుల చీరలు, చొక్కాలు. అక్కడ ప్లస్ వన్ ఉన్నా ఫొటోలు కాస్త వెలుగ్గా వస్తాయి తప్ప ఎవరికీ అనుమానం రాదు. టీటీఎల్ ప్రతి ఫ్రేముకూ కొత్తగా లెక్కేస్తుంది. మనం మరిచిపోయిన అంకె ఆ లెక్కల మధ్య ఎక్కడో దాక్కుంటుంది. దృశ్యం బాగా మారినప్పుడే బయటపడుతుంది. మరిచిపోయినది పొద్దున, దెబ్బ తగిలేది రాత్రి. ఈ దూరం వల్లే కారణం పట్టుకోలేక ఫ్లాష్‌ను రిపేరుకు తీసుకెళ్తారు.

పైగా చీకటి హాల్లో కెమెరా వెనక స్క్రీన్ నమ్మదగింది కాదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఆ చిన్న తెర మీద ఏ ఫొటో అయినా వెలిగిపోతూనే కనిపిస్తుంది. అండర్ అయిన, అంటే వెలుగు చాలని ఫొటో బాగున్నట్టే ఉంటుంది, వెలుగు ఎక్కువై ఓవర్ అయింది 'స్క్రీన్ బ్రైట్‌నెస్ ఎక్కువుందిలే' అనిపిస్తుంది. ఎగిరిపోయిన తెలుపు దగ్గర మిణుకుమిణుకుమనే హైలైట్ వార్నింగ్ ఆన్ చేసుకుంటే ఈ మోసం చాలావరకు తగ్గుతుంది. కానీ చాలామంది దాన్ని చిరాకని ఆపేస్తారు.

ఆపితే పోయేవి, ఆపినా పోనివి

కెమెరా ఆఫ్ చేస్తే అన్నీ మామూలు స్థితికి వస్తాయనుకోవడం సహజం. టీవీ, ఫ్యాను మనకు నేర్పినది అదే. కానీ నికాన్, కానన్ రెండింట్లోనూ ఫ్లాష్ కాంపెన్సేషన్ పవర్ ఆఫ్ చేసినా పోదు. బ్యాటరీ తీసి చార్జింగ్ పెట్టి మర్నాడు వేసినా అక్కడే ఉంటుంది. అదే కానన్ డీఎస్ఎల్ఆర్‌లో ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో వరసగా తీసే ఏర్పాటు) పెట్టి ఉంటే, ఆఫ్ చేయగానే రద్దవుతుంది. ఫ్లాష్ ఆన్ చేసి రెడీ అయినా రద్దవుతుంది. ఒకే కెమెరాలో ఉండే రెండు సెట్టింగుల్లో ఒకటి చచ్చిపోతుంది, ఒకటి బతికుంటుంది. దీనికి ఇంజనీర్ల దగ్గర కారణాలు ఉండే ఉంటాయి. వాడేవాడికి మాత్రం ఇది అర్థంపర్థం లేని వ్యవహారమే.

ఇక ఆ రెండో యంత్రం సంగతి. కెమెరా మీద బిగించే ఫ్లాష్‌కు దాని సొంత స్క్రీన్, సొంత బటన్లు, సొంత జ్ఞాపకం ఉంటాయి. కాంపెన్సేషన్ కెమెరాలోనూ పెట్టొచ్చు, ఫ్లాష్ మీదా పెట్టొచ్చు. రెండు చోట్లా పెడితే ఏమవుతుందన్నది కంపెనీని బట్టి మారుతుంది. కానన్‌లో ఫ్లాష్ మీద పెట్టినదే చెల్లుతుంది, కెమెరాలో ఉన్నదాన్ని పట్టించుకోదు. నికాన్‌లో రెండూ కలుస్తాయి. కెమెరాలో మైనస్ 1, ఫ్లాష్ మీద మైనస్ 1 ఉంటే మొత్తం మైనస్ 2, అంటే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కానన్ వాడి నికాన్‌కు మారినవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. కెమెరాలో సున్నా చేసేశాం కదా అని నిశ్చింతగా ఉంటారు, అంకె ఫ్లాష్ నెత్తిన కూర్చుని ఉంటుంది.

నికాన్‌లో ఇంకో మెలిక ఉంది. మొత్తం ఫొటో వెలుగును పెంచే, తగ్గించే మామూలు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, ఫ్లాష్‌తో సంబంధం లేదనుకునేది, అక్కడ డిఫాల్ట్‌గా ఫ్లాష్‌ను కూడా తగ్గిస్తుంది, పెంచుతుంది. గోల్కొండ కోటలో సాయంత్రపు ఆకాశం కోసం మైనస్ 1 పెట్టుకుని, తర్వాత ఇంట్లో పాప పుట్టినరోజుకు ఫ్లాష్ వేస్తే ఆ మైనస్ ఫ్లాష్‌కూ పడుతుంది. ఈమధ్యకాలపు మోడళ్లు కొన్నింటి కస్టమ్ మెనూలో దీన్ని వెనక దృశ్యానికి మాత్రమే పరిమితం చేసే వీలుంది. కానీ ఆ మార్పును కూడా మళ్లీ మనమే గుర్తుపెట్టుకోవాలి!

మూడో యంత్రం ట్రిగ్గర్, దూరంగా ఉన్న లైట్లకు వైర్లు లేకుండా సైగ పంపేది. ఇప్పుడు హైదరాబాద్‌లో చిన్న స్టూడియోలు కూడా హాలు మూలల్లో రెండు లైట్లు నిలబెట్టి, కెమెరా మీద ట్రిగ్గర్‌తో వాటిని వెలిగిస్తున్నాయి. ఏ, బీ, సీ అని గ్రూపులు, ప్రతి గ్రూపుకూ వేరే పవర్, పైన ఒక చానెల్ నంబరు. పక్క హాల్లో ఇంకో పెళ్లి జరుగుతుంటే, వాళ్లదీ మనదీ ఒకే చానెల్ అయితే వాళ్లు బటన్ నొక్కినప్పుడు మన లైట్లు వెలుగుతాయి. అందుకని చానెల్ మారుస్తారు. వారం తర్వాత ట్రిగ్గర్ ఒక చానెల్‌లో, లైట్లు ఇంకో చానెల్‌లో. "ఫ్లాష్ పడ్తలేదే" అని సెల్స్ మారుస్తూ ఉంటారు.

ఇక్కడ ఒక్క ముక్క చరిత్ర. లాలా దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన కాలంలోనే, 1887లో, జర్మనీలో మెగ్నీషియం ఫ్లాష్ పౌడర్ వచ్చింది. పళ్లెంలో పొడి పోసి, అంటించి, భగ్గుమనిపించి ఫొటో తీయడం. ప్రమాదకరమైన పని. కానీ ప్రతి ఫొటోకూ పొడి కొత్తగా కొలిచి పోయాల్సిందే, నిన్నటిది ఈరోజుకు మిగిలే అవకాశమే లేదు. 1975లో ఒలింపస్ ఓఎం-2 ఫిల్మ్ మీద పడి తిరిగొచ్చే వెలుగును అక్కడికక్కడే కొలిచి ఫ్లాష్‌ను ఆపడం మొదలుపెట్టింది. డిజిటల్‌కు వచ్చాక సెన్సర్ ఉపరితలం ఫిల్మ్‌లా వెలుగును తిరిగి పంపదు కాబట్టి ఆ పద్ధతి కుదర్లేదు, ముందే చిన్న మెరుపు వదిలి కొలిచే పద్ధతి స్థిరపడింది. నికాన్ ఐ-టీటీఎల్ 2003లో, కానన్ ఈ-టీటీఎల్ రెండో తరం 2004లో వచ్చాయి. తెలివి పెరిగింది, దాంతోపాటు యంత్రానికి జ్ఞాపకమూ పెరిగింది. మనం మరిచిపోయేవన్నీ అది గుర్తుపెట్టుకోవడం అక్కడే మొదలైంది.

మిగిలిపోయే మరికొన్ని

కాంపెన్సేషన్‌కన్నా మొండిది మాన్యువల్ పవర్. కొంపల్లి వైపో శంషాబాద్ వైపో పెద్ద కన్వెన్షన్ హాల్లో ఫ్లాష్ తల పైకెత్తి సీలింగ్‌కు కొట్టించారనుకోండి. సీలింగ్ ముప్పై అడుగుల ఎత్తులో ఉంది. వెలుగు అక్కడికి వెళ్లి కిందికి రావాలి, దారి యాభై అడుగులు. సరిపోక పవర్ 1/1కి, అంటే ఫుల్‌కు పెడతారు. తర్వాత అప్పగింతలకు పెళ్లికూతురింటికి వెళ్తారు. అపార్ట్‌మెంట్ గది, సీలింగ్ పదడుగులు, వెలుగు తిరిగే దారి కూడా పదడుగులే. దూరం అయిదో వంతయితే వెలుగు స్థూలంగా ఇరవై అయిదు రెట్లు పెరుగుతుంది. సీలింగ్‌కు తగిలి చెదిరే వెలుగుకు ఈ లెక్క అచ్చంగా వర్తించదు గానీ, ఎంత ఘోరమో అర్థం కావడానికి చాలు. టీటీఎల్ అయితే సర్దుకునేది. మాన్యువల్ సర్దుకోదు, చెప్పింది చేస్తుంది. కాకపోతే ఇందులో ఒక మంచి ఉంది: మొదటి ఫ్రేములోనే తెల్లకాగితం లాంటి ఫొటో వస్తుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. అరకొరగా తప్పు చేసేవాటికన్నా పూర్తిగా తప్పు చేసేవి నయం.

సైలెంట్ షట్టర్ కథ వేరు. మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక మంగళసూత్రధారణ దగ్గర టకటకమనే శబ్దం లేకుండా తీయమని కుటుంబాలే అడుగుతున్నాయి. మంచిదే. కానీ కొన్ని ఖరీదైన కొత్త మోడళ్లు తప్ప, ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఉన్నప్పుడు కెమెరా ఫ్లాష్‌ను వెలగనివ్వదు. సెన్సర్ వరుస తర్వాత వరుసగా చదువుతుంది. సెకనులో వెయ్యోవంతు వెలిగే మెరుపు అన్ని వరుసలకూ సమానంగా అందదు, అందుకని కంపెనీలే ఆపేశాయి. తాళి కట్టడం అయింది, అక్షింతలు పడుతున్నాయి, ఫ్లాష్ ఆన్ చేశారు, రెడీ లైట్ వెలుగుతోంది, అయినా కొట్టడం లేదు. ఆ టెన్షన్‌లో ఎవరికీ సైలెంట్ షట్టర్ గుర్తురాదు. ఫ్లాష్ తీసి మళ్లీ బిగిస్తారు, కెమెరా నెత్తిన ఫ్లాష్ బిగించే హాట్‌షూ తుడుస్తారు, సెల్స్ మారుస్తారు. ఈలోగా తలంబ్రాలు అయిపోతాయి.

ఫ్లాష్ తలలో జూమ్ ఉంటుంది. లెన్సు ఎంత వెడల్పు చూస్తుందో దానికి తగ్గట్టు వెలుగును పరుస్తుంది లేదా కూడదీస్తుంది. మామూలుగా ఇది ఆటోలో లెన్సుతోపాటే కదులుతుంది. ఒక్కోసారి దూరంగా ఉన్న స్టేజీకి వెలుగు చేరాలని చేత్తో 105 మిల్లీమీటర్లకు పెడతారు. తర్వాత అదే ఫ్లాష్‌తో 24 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి గ్రూప్ ఫొటో తీస్తే మధ్యలో కూర్చున్న తాతయ్య, నానమ్మ వెలిగిపోతారు, రెండు చివర్లా నిలబడ్డ అల్లుళ్లు చీకట్లో ఉంటారు. లెన్సు తప్పని అందరూ అనుకుంటారు.

బోనాల జాతరలో, నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ దగ్గర స్లో సింక్ అద్భుతంగా పనిచేస్తుంది. షట్టర్‌ను సెకనులో 1/15 వంతు దాకా తెరిచి ఉంచి వెనక దీపాలను గీతలుగా లాగుతూ, ఎదుటి మనిషిని ఫ్లాష్‌తో నిలబెట్టేయొచ్చు. ఫ్లాష్‌ను షట్టర్ మూసుకునే ముందు వెలిగించే రియర్ సింక్ పెడితే ఆ గీతలు మనిషి వెనకాల పడతాయి, కదలిక సహజంగా ఉంటుంది. మర్నాడు ఇంట్లో అదే మోడ్‌లో తీస్తే పిల్లలు దెయ్యాల్లా సాగిపోయి వస్తారు. రియర్ సింక్‌లో ఇంకో తమాషా: కొలత కోసం వదిలే చిన్న మెరుపు మొదట్లో, అసలు మెరుపు చివర్లో వస్తాయి. రెండింటి మధ్య ఎడం పెరిగితే జనం మొదటిదే ఫొటో అనుకుని కళ్లు మూసేసి, మొహం తిప్పేస్తారు. రెడ్ ఐ తగ్గించే మోడ్ మరిచిపోయినా అంతే, ముందు దీపం వెలిగి క్షణం ఆగి అసలు మెరుపు వస్తుంది. ఈ స్లో సింక్ కూడా కంపెనీని బట్టి మారుతుంది. కానన్‌లో ఏవీ మోడ్‌లో (అపెర్చర్ మనం పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకునేది) ఫ్లాష్ వేస్తే మెనూలో మార్చకపోతే స్లో సింకే. దానికి సమానమైన నికాన్ ఏ మోడ్‌లో షట్టర్ వేగం డిఫాల్ట్‌గా 1/60 కిందికి దిగదు.

పాత నికాన్ కెమెరాల్లో, డీ90, డీ7000 లాంటివాటిలో, పైకి లేచే చిన్న ఫ్లాష్‌ను కమాండర్‌గా పెట్టి దూరంగా ఉన్న లైట్లను నడిపించవచ్చు. అందులో రెండు గీతల గుర్తు పెడితే ఆ చిన్న ఫ్లాష్ సైగలు మాత్రమే పంపుతుంది, ఫొటోకు వెలుగివ్వదు. అది మరిచిపోతే, ఫ్లాష్ లేస్తుంది, మెరుస్తుంది, ఫొటో మాత్రం చీకటి. సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లు ఇది చూసి మోసపోయామనుకుంటారు.

ఫ్లాష్ మీద పెట్టిన రంగు జెల్ కాగితం తీయడం మరిచిపోవడం, రంగులు సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను పసుపు బల్బుల కోసం ఉండే టంగ్‌స్టన్‌లో వదిలేసి మర్నాడు పొద్దున ట్యాంక్‌బండ్ మీద అందర్నీ నీలంగా తీయడం, ఇవి రంగు చూడగానే పట్టుబడతాయి, పెద్దగా చెప్పాల్సింది లేదు. సోనీలో స్టూడియో పని కోసం సెట్టింగ్ ఎఫెక్ట్ (మన సెట్టింగులతో ఫొటో ఎలా వస్తుందో ముందే వ్యూఫైండర్‌లో చూపించేది) ఆఫ్ చేసి మరిచిపోతే మాత్రం జాగ్రత్త. ఫ్లాష్ తీసేశాక కూడా వ్యూఫైండర్ ఎప్పుడూ చక్కటి వెలుగుతో కనిపిస్తుంది, ఫొటో ఎలా వస్తుందో చెప్పదు. మిర్రర్‌లెస్ కొన్నదే ఆ ముందుచూపు కోసం కదా!

చివరి మెట్టు ఎందుకు జారిపోతుంది

మనస్తత్వ శాస్త్రంలో దీని మీద పనిచేసినవాళ్లున్నారు. మైకేల్ బర్న్, సూసన్ బోవెయిర్ 1997లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఇలాంటి తప్పు గురించే: అసలు పని పూర్తయ్యాక మిగిలే చివరి మెట్టును వదిలేయడం. ఏటీఎంలో డబ్బులు చేతికొచ్చాక కార్డు అక్కడే వదిలి వెళ్లిపోవడం దీనికి తెలిసిన ఉదాహరణ. వచ్చిన పని డబ్బు కోసం. అది అయిపోగానే మనసు ఆ పనిని మూసేస్తుంది, కార్డు తీసుకోవాలన్న మెట్టు అందులోంచి జారిపోతుంది. అప్పుడు చేతిలో ఇంకా ఎక్కువ పనులుంటే మరీను. అందుకే చాలా ఏటీఎంలను ముందు కార్డు తీసుకుంటేగానీ డబ్బివ్వని విధంగా మార్చారు. జాగ్రత్తగా ఉండండని బోర్డు పెట్టి ఊరుకోలేదు, మెట్ల వరుసే మార్చారు.

ఫ్లాష్ సెట్టింగ్ సరిగ్గా ఆ చివరి మెట్టే. మధుపర్కాల ఫొటో బాగా వచ్చిందంటే ప్లస్ వన్ పని అయిపోయినట్టు. దాన్ని సున్నాకు తేవడం ఏ ఫొటోకూ పనికిరాని పని. పైగా అదే క్షణంలో "అన్నా, మేనమామ వాళ్లు వచ్చిన్రు, ఒక ఫొటో" అని ఎవరో చొక్కా లాగుతుంటారు. ఇలాంటప్పుడు 'పని అయ్యాక రీసెట్ చెయ్యి' అనే సలహా ఎంత మంచిదైనా పనిచేయదు. అది మనిషి బుర్ర అత్యంత బలహీనంగా ఉండే చోట బరువు మోపుతుంది. నా ఉద్దేశంలో రీసెట్ చేయడాన్ని పని చివర నుంచి పని మొదటికి మార్చాలి. నిన్న ఏం చేశామన్నది గుర్తులేకపోయినా ఫరవాలేదు, ఈరోజు మొదటి ఫొటోకు ముందు చూసుకుంటే చాలు. మొదట్లో మనసు తాజాగా ఉంటుంది, ఇంకా ఎవరూ చొక్కా లాగడం లేదు.

దీనికి కెమెరాలోనే సగం ఏర్పాటు ఉంది. కానన్ డయల్ మీద సీ1, సీ2, నికాన్ డయల్ మీద యూ1, యూ2 ఉన్న మోడళ్లలో మన మామూలు స్థితిని, ఫ్లాష్ కాంపెన్సేషన్ సున్నాతో సహా, ఒకదాంట్లో భద్రపరచుకోవచ్చు. ఆ స్థానంలో ఉండి ఏం మార్చినా, డయల్ పక్కకు తిప్పి మళ్లీ తెస్తే పాతదే వస్తుంది. కానన్‌లో ఆటో అప్‌డేట్ అనే ఎంపిక ఆపి ఉంచాలి, లేకపోతే మార్పులు అందులోకే చేరిపోయి అసలు ప్రయోజనమే పోతుంది. డయల్ మీద ఇవి లేని చాలా నికాన్ కెమెరాల్లో రెండు బటన్ల పక్కన ఆకుపచ్చ చుక్కలుంటాయి. ఆ రెండూ కలిపి రెండు సెకన్లకు పైగా నొక్కిపట్టుకుంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, ఫ్లాష్ కాంపెన్సేషన్, ఫ్లాష్ మోడ్, బ్రాకెటింగ్ మొదలైనవి తుడిచిపెట్టుకుపోతాయి. కస్టమ్ మెనూలోవి మాత్రం పోవు. వీటిలో ఏదీ ఫ్లాష్ మీద చేత్తో పెట్టిన అంకెల జోలికి రాదన్నది మరవొద్దు. దాన్ని విడిగా చూడాల్సిందే.

గ్రీన్ ఆటోకు తిప్పితే అన్నీ బాగుపడతాయనేవాళ్లూ ఉన్నారు. చాలా కెమెరాల్లో ఆటోలో మన కాంపెన్సేషన్ వర్తించదు కాబట్టి ఫొటో బాగానే వస్తుంది. అది నయం కావడం కాదు, మళ్లీ పీ లేదా ఏ మోడ్‌కు రాగానే ఆ పాత అంకె అక్కడే ఎదురుచూస్తుంటుంది.

అంకెలన్నీ చూసే ఓపిక లేకపోతే ఒక్క ఫొటోతో పట్టుకునే పద్ధతి ఉంది. హైదరాబాద్ పాత ఇళ్లలో, చాలా ఫంక్షన్ హాళ్ల వరండాల్లో షాబాదు బండలు పరిచి ఉంటాయి. పాలిష్ పెట్టని షాబాదు బండ బూడిద రంగు, కెమెరా నమ్మే ఆ మధ్యస్థపు రంగుకు దగ్గరగానే ఉంటుంది. మెరుపు సూటిగా వెనక్కి రాకుండా కాస్త ఏటవాలుగా నిలబడి, ఫ్రేము నిండా బండే ఉండేలా టీటీఎల్‌లో ఒక ఫొటో కొట్టండి. హిస్టోగ్రామ్‌లో, అంటే ఫొటోలోని చీకటిని ఎడమ నుంచి వెలుగును కుడి దాకా చూపే గ్రాఫ్‌లో, గుట్ట నడిమధ్యలో ఉంటే అంతా సున్నాలో ఉన్నట్టే. కుడికో ఎడమకో స్పష్టంగా జరిగి ఉంటే కెమెరాలోనో, ఫ్లాష్‌లోనో, ట్రిగ్గర్‌లోనో ఏదో మిగిలిపోయింది. ఫ్లాష్ అసలు కొట్టకపోతే సైలెంట్ షట్టర్, చానెల్ చూసుకోవాలి. ఫ్రేము మూలలు కూడా మధ్యలో ఉన్నంత వెలుగ్గా ఉన్నాయో లేదో చూస్తే జూమ్ సంగతీ తేలుతుంది. అద్దెకు తెచ్చిన ఫ్లాష్‌కైతే ఈ పరీక్ష తప్పనిసరి. ముందు వాడినవాళ్లు అందులో ఏమేం వదిలి వెళ్లారో ఎవరికి తెలుసు?

జరిగిపోయాక కారణం తవ్వాలంటే ఫైల్లోనే ఆధారాలుంటాయి. ప్రతి ఫొటో ఫైల్లో కెమెరా రాసిపెట్టే ఎగ్జిఫ్ సమాచారంలో ఫ్లాష్ అన్న చోట ఒక అంకె రాసి ఉంటుంది. 9 అంటే ఫ్లాష్ ఆన్‌లో ఉంది, వెలిగింది. 16 అంటే ఆఫ్‌లో ఉంది, వెలగలేదు. 24 అంటే ఆటోలో ఉండి వెలగలేదు, 25 ఆటోలో ఉండి వెలిగింది. కంపెనీలు తమ సొంత విభాగంలో ఫ్లాష్ కాంపెన్సేషన్ విలువనూ రాస్తాయి. ఎగ్జిఫ్‌టూల్ లాంటి ఉచిత ప్రోగ్రాం దాన్ని చదివి చూపిస్తుంది. పొద్దుటి మొదటి ఫొటో నుంచి వరసగా చూస్తూ పోతే ఆ అంకె ఏ ఫ్రేము దగ్గర సున్నా నుంచి కదిలిందో, ఎక్కడిదాకా అలాగే ఉందో కనిపిస్తుంది. రిపేరు షాపు ఖర్చు తప్పుతుంది.

ఫొటోలను కాపాడుకోవడం సంగతికొస్తే, రా ఫైళ్లుంటే (సెన్సర్ పట్టినదంతా కుదించకుండా ఉంచేవి) ఒక స్టాపు, ఒకటిన్నర స్టాపు అండర్ అయినవి దాదాపు తిరిగొస్తాయి, నీడల్లో కాస్త గరుకుదనం తప్ప. ఓవర్ అయినవాటిలో చర్మం రంగు పూర్తిగా తెల్లబడి ఉంటే తెచ్చేదేమీ ఉండదు. జేపెగ్‌లు మాత్రమే ఉంటే ఆ కాస్త వెసులుబాటూ చాలా తక్కువ. ఇక్కడ మాన్యువల్‌కు ఒక ఊరట ఉంది. స్టేజీ దగ్గర ఒకే దూరం నుంచి తప్పు పవర్‌తో రెండొందల ఫొటోలు తీసినా తప్పు అన్నింట్లోనూ ఒకేలా ఉంటుంది, ఎడిటింగ్‌లో ఒకదాన్ని సరిచేసి, అదే దిద్దుబాటును మిగతావాటికీ ఒకేసారి వర్తింపజేస్తే పని అయిపోతుంది. టీటీఎల్‌లో మరిచిపోయిన ప్లస్ వన్ అలా కాదు. పట్టుచీర ఉన్న ఫ్రేము బానే ఉంటుంది, నల్ల సూటున్నది ఎగిరిపోతుంది, ఇద్దరూ కలిసి నిలబడ్డది ఇంకోలా ఉంటుంది. ఒక్కోటి విడిగా కూర్చుని దిద్దాల్సిందే. అలాంటి పెళ్లి ఆల్బమ్‌కు ఎడిటర్ మామూలుకన్నా ఎక్కువ అడిగితే బేరమాడకుండా ఇచ్చేయండి.